పాత వెల్డింగు యంత్రం – చరిత్ర, సంస్కరణ

నల్లమల కొండల నడుమ, కృష్ణానది లోతైన ఇరుకు లోయలో ప్రవహించే చోట శ్రీశైలం ఆనకట్ట నిలిచి ఉన్నది. 1960 లో ఆరంభమైన ఈ పథకానికి 1963 లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినాడు. ప్రధానమైన కట్టడం 1981 నాటికి పూర్తి అయినది. కట్ట పొడవు 512 మీటర్లు, ఎత్తు సుమారు 145 మీటర్లు. వరదనీటిని వదలుటకు దీనికి 12 ఉక్కు తలుపులు అమర్చినారు. ఒక్కొక్క తలుపు వెడల్పు సుమారు 60 అడుగులు, ఎత్తు 55 అడుగులు.

ఇంత తలుపు మీద నీరు ఎంత బలంతో తోస్తుందో ఉన్నత పాఠశాల విద్యార్థి సులభంగా లెక్క కట్టగలడు. నీరు తలుపు పైఅంచు వరకు నిండినపుడు అడుగున చదరపు మీటరుకు దాదాపు 16.8 టన్నుల ఒత్తిడి ఉంటుంది. పైఅంచున ఏమీ ఉండదు. సగటు 8.4 టన్నులు. తలుపు వైశాల్యం సుమారు 307 చదరపు మీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే 2,500 టన్నులకు పైబడిన బలం వస్తుంది. 2009 అక్టోబరులో వచ్చిన మహావరదలో జలాశయపు నీరు పూర్తి మట్టమైన 885 అడుగులను కూడ దాటి పైకి లేచినది. ఇంత పెద్ద తలుపును ఒకే ముక్కగా పోతపోయుట సాధ్యం కాదు. ఉక్కు పలకలను, దూలాలను వెల్డింగుతో కలిపి ఇటువంటి తలుపులను కూర్చుట ఈ కాలపు పద్ధతి. కావున నీటి బరువును మోసేది ఉక్కు మాత్రమే కాదు, ఉక్కును ఉక్కుతో కలిపిన అతుకు కూడ.

ఆ అతుకును వేసే సాధనం పెద్ద కర్మాగారాలకే పరిమితం కాలేదు. కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో విరిగిన నాగలిని, ట్రాక్టరు ట్రాలీని, బోరుబావి గొట్టపు పట్టీని అతికే చిన్న షెడ్డులో కూడ అదే విద్యుత్ జ్వాల వెలుగుతున్నది. అటువంటి షెడ్డులో సాధారణంగా కనిపించేది బరువైన పాత ట్రాన్స్‌ఫార్మరు యంత్రం. దానిని ఇంటివద్దనే బాగుపరచి, మంచి అతుకు వేయుటకు పనికివచ్చేటట్లు చేయవచ్చునా? చేయవచ్చును. ఐతే ఏది మార్చవలెనో, ఎక్కడ ఆగవలెనో తెలియాలంటే ఆ యంత్రం చరిత్ర తెలియవలెను.

కొలిమి నాటి అతుకు

విద్యుత్తు రాకముందు కూడ ఇనుమును ఇనుముతో అతికేవారు. కమ్మరి రెండు ముక్కలను కొలిమిలో పెట్టి, తిత్తితో గాలి ఊది, తెల్లగా మెరిసే వేడికి తెచ్చి, దాగలి మీద ఒకదానిపై మరొకటి ఉంచి సమ్మెటతో కొట్టేవాడు. వేడి ఇనుము మీద గాలివలన ఏర్పడే పొలుసు అతుకుకు అడ్డు. అందుచేత ఇసుకనో వెలిగారాన్నో చల్లి, ఆ పొలుసును కరిగించి బయటికి పోగొట్టేవాడు. ఢిల్లీలోని 7 మీటర్లకు పైబడిన ఇనుప స్తంభం దాదాపు 1,600 సంవత్సరాల క్రితం, ఇనుప ముద్దలను వేడిచేసి కొట్టి అతికే ఈ విద్యతోనే తయారైనది.

ఇది టంకం వంటిది కాదు. టంకంలో తక్కువ వేడికి కరిగే మరొక లోహం రెండు ముక్కల నడుమ జిగురువలె నిలుస్తుంది. కొలిమి అతుకులో ఆ రెండు ముక్కలే ఒకటౌతాయి. కాని ఈ విద్యకు ఒక హద్దు కలదు: వస్తువు కొలిమి వద్దకు రావలెను. నాగటి కర్రు వస్తుంది. ఓడ ఇంజను గాని, ఆనకట్ట తలుపు గాని రాదు. కొలిమినే వస్తువు వద్దకు తీసికొనిపోయినది విద్యుత్తు.

మొదటి ఆర్కు డి.సి. ఆర్కే

1802 లో రష్యాలో వసీలీ పెత్రోవ్, ఆ తరువాత కొద్ది ఏండ్లకు ఇంగ్లండులో హంఫ్రీ డేవీ, పెద్ద బ్యాటరీల ధ్రువాలకు బొగ్గు కడ్డీలను కలిపి, వాటి కొనలను తాకించి కొంచెం ఎడంచేసినపుడు కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు పుట్టుటను గమనించినారు. కొనల మధ్యనున్న గాలి వేడెక్కి, విద్యుత్తును ప్రవహింపజేసే స్థితికి వస్తుంది. దీనినే విద్యుచ్చాపం లేక ఆర్కు అంటారు.

ఈ వేడితో లోహాలను అతికే పద్ధతిని 1880 ప్రాంతాల్లో నికొలాయ్ బెనార్దోస్ రూపొందించినాడు. అతడు బొగ్గు కడ్డీని వాడినాడు. విద్యుత్తును నిలువచేసే బ్యాటరీలనుండి తీసికొన్నాడు. 1888 లో అదే దేశపు నికొలాయ్ స్లావ్యానోవ్ బొగ్గుకు బదులు లోహపు కడ్డీనే వాడి, అది కరిగి అతుకును నింపేటట్లు చేసినాడు. 1890 లో అమెరికాలో కాఫిన్ అనే ఆయన ఇటువంటి పద్ధతికే పేటెంటు పొందినాడు. నేటి వెల్డర్లు 'రాడ్డు' అని పిలిచేది ఈ లోహపు కడ్డీకి వారసురాలే.

ఐతే వట్టి కడ్డీతో వేసిన అతుకు పెళుసుగా ఉండేది. కరిగిన ఉక్కు గాలిలోని ఆక్సిజనును, నైట్రోజనును పీల్చుకొనుటయే కారణం. స్వీడనులో ఓడల బాయిలర్లను బాగుచేసే ఆస్కార్ షెల్‌బెర్గ్ 1904 లో ఒక సంస్థను స్థాపించి, కడ్డీకి పూత పూసే మార్గం కనిపెట్టినాడు. పూత కాలి వాయువునిచ్చి గాలిని దూరం చేస్తుంది. కరిగి చిట్టెమై అతుకుపై మూతవలె ఏర్పడుతుంది. కమ్మరి చల్లిన వెలిగారం చేసిన పనినే మరింత బాగుగా చేస్తుంది.

1917 లో అమెరికా యుద్ధంలో ప్రవేశించినపుడు, ఆ దేశపు రేవుల్లో నిలిచిపోయిన జర్మను ఓడల ఇంజన్లను వాటి నావికులే ముందుగా పగులగొట్టినారు. కొత్త సిలిండర్లు పోతపోయవలెనంటే చాల కాలం పట్టేది. విద్యుత్ వెల్డింగుతో వాటిని అతికి, కొద్ది నెలల్లోనే ఓడలను సముద్రంలోకి పంపినారు. ఆర్కు వెల్డింగు మీద ప్రపంచానికి నమ్మకం కుదిరిన సందర్భాల్లో ఇది ఒకటి.

ఏ.సి. ఎందుకు వచ్చినది?

ఆ రోజుల్లో వెల్డింగుకు ఒక మోటారు, అది తిప్పే డి.సి. జనరేటరు ఉండవలెను. ఖరీదు ఎక్కువ, తిరిగే భాగాలు అరిగిపోతాయి. ట్రాన్స్‌ఫార్మరు ఐతే ఇనుప రేకుల దొంతర, రెండు తీగచుట్టలు మాత్రమే; తిరిగేది ఏదీ లేదు. కాని ట్రాన్స్‌ఫార్మరు ఏ.సి.తో మాత్రమే పనిచేస్తుంది. ఏ.సి.లో ప్రవాహం దిశ మారే ప్రతిసారి ఒక క్షణం సున్న అవుతుంది. సెకనుకు 50 ఆవృత్తాలుగల విద్యుత్తులో ఇట్లు 100 సార్లు జరుగుతుంది. అంటే ఆర్కు సెకనుకు 100 సార్లు ఆరిపోయి, తిరిగి 100 సార్లు అంటుకొనవలెను.

1919 లో హోల్‌స్లాగ్ ఏ.సి. వెల్డింగును ప్రవేశపెట్టినా, అది వ్యాపించుటకు 1930 తరువాతి కాలం రావలసి వచ్చినది. అప్పటికి పూత రాడ్లు మెరుగైనవి. పూతలోని పొటాషియం సమ్మేళనాలు వేడికి సులభంగా అయానులనిచ్చి, ఆరిన ఆర్కు వెంటనే అంటుకొనుటకు సాయపడినవి. శ్రీకాకుళం–విశాఖపట్నం తీరపు ఇసుకలో దొరికే రూటైలు అనే ఖనిజం కూడ ఇటువంటి పూతల్లో ముఖ్యమైన పదార్థం. ఈ విధంగా చౌకయైన ట్రాన్స్‌ఫార్మరు ఊరి షెడ్డుకు చేరినది. దాని లోపాన్ని యంత్రం సరిచేయలేదు. రాడ్డు పూత సరిచేసినది. పాత యంత్రాన్ని బాగుపరచేవాడు మరువరాని విషయం ఇది.

ఎందుకనగా అన్ని రాడ్లూ ఈ సాయం చేయవు. మందపాటి ఉక్కుకు, కార్బను ఎక్కువగా ఉన్న ఉక్కుకు హైడ్రోజను పెద్ద శత్రువు. తడి పూతనుండి వచ్చిన హైడ్రోజను అతుకు ప్రక్కన గట్టిపడిన ఉక్కులో చేరి, పని ముగిసిన కొన్ని గంటల తరువాత కూడ పగులు పుట్టించగలదు. దీనిని నివారించే తక్కువ హైడ్రోజను రాడ్లు డి.సి. మీదనే నిలకడగా వెలుగుతాయి. కొన్ని రకాలు మాత్రం ఎక్కువ వోల్టేజిగల ఏ.సి. మీద కూడ పనిచేస్తాయి.

పగులును తేలికగా చూడరాదని 1943 జనవరిలో లోకానికి తెలిసినది. అమెరికాలో వెల్డింగుతో కట్టిన 'షెనెక్టడీ' అనే నూనె ఓడ, రేవులో నిశ్చలమైన నీటిలో నిలిచి ఉండగానే రెండుగా విరిగినది. చలికి పెళుసైన ఉక్కు, మూలల వద్ద పోగైన ఒత్తిడి, అతుకుల లోపాలు కలిసి ఈ పని చేసినవి. రివెట్లు కొట్టిన ఓడలో పగులు తరచు పలక అంచున ఆగుతుంది. వెల్డింగు అన్ని పలకలనూ ఒకటే చేస్తుంది. పగులుకు కూడ దారి ఒకటే అవుతుంది.

పాత యంత్రం లోపల

ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరు దానిని, రాడ్డు తాకకముందు, సుమారు 70 వోల్టులకు దించుతుంది. ఆర్కు వెలిగిన తరువాత 100 ఆంపియర్ల వద్ద కావలసింది 24 వోల్టులు మాత్రమే. మిగిలిన వోల్టేజిని అణచుటకు యంత్రంలో కావాలనే అయస్కాంత రేఖలు కొన్ని ప్రక్కకు పోయే ఏర్పాటు ఉంటుంది. అందువలన కరెంటు పెరిగినకొద్దీ వోల్టేజి వాలిపోతుంది. రాడ్డు అంటుకొన్నా కరెంటు హద్దు మీరదు. కదిలే ఇనుప దిమ్మ గల యంత్రాల్లో ఆ దిమ్మను చక్రంతో జరిపినపుడు మారేది ఈ ప్రక్కదారియే.

దీని మూల్యం లైనుమీద పడుతుంది. 70 వోల్టులను 100 ఆంపియర్లతో గుణిస్తే 7,000 వోల్ట్–ఆంపియర్లు. అంటే ఇంటి లైనునుండి దాదాపు 30 ఆంపియర్లు. నిజంగా ఖర్చయ్యే శక్తి మాత్రం, నష్టాలతో కలిపి, సుమారు 3 కిలోవాట్లే. ప్రక్క ఇండ్ల దీపాలు మినుకుమినుకుమనుటకు కారణం ఇదే.

సంస్కరణ క్రమం

మొదటి పని కొత్తది చేర్చుట కాదు, ఉన్నదానిని పరీక్షించుట. ప్లగ్గును తీసివేసి, యంత్రం విప్పి, దుమ్మును, తుప్పును తుడువవలెను. పాత చుట్టల మీది నూలు, కాగితం, వార్నిషు పెళుసెక్కినవేమో చూడవలెను. చుట్టకూ యంత్రపు శరీరానికీ మధ్య, చుట్టకూ చుట్టకూ మధ్య విద్యుత్ నిరోధాన్ని 500 వోల్టుల మెగ్గరుతో ఎలక్ట్రీషియను చేత కొలిపించవలెను. ఒక మెగ్ ఓము కూడ రాని యంత్రాన్ని వాడరాదు. రెండు పనులకూ ఒకే చుట్ట ఉన్న యంత్రాన్ని అసలే వాడరాదు; అందులో రాడ్డు 230 వోల్టుల లైనుతో నేరుగా కలిసి ఉంటుంది. యంత్రపు శరీరానికి గట్టి ఎర్తు ఉండవలెను. వదులైన తీగ కొనలు, కాలిన హోల్డరు మార్చినంత మాత్రాననే చాల యంత్రాలు సగం బాగుపడతాయి.

రెండవది లైనుభారాన్ని తగ్గించుట. 230 వోల్టుల వైపున 180 మైక్రోఫారడ్ల ఏ.సి. కెపాసిటరును చేరిస్తే పై ఉదాహరణలోని 30 ఆంపియర్లు 19 వరకు దిగుతాయి. ఐతే ఆర్కు లేనప్పుడు ఆ కెపాసిటరు ఒక్కటే 13 ఆంపియర్లు తీసికొంటుంది. కావున అది యంత్రపు స్విచ్చికి లోపలివైపున ఉండవలెను. పని లేనప్పుడు స్విచ్చి ఆపవలెను. కెపాసిటరులో మిగిలిన విద్యుత్తు దిగిపోవుటకు దాని కొనల మధ్య తగిన నిరోధం ఉండి తీరవలెను.

మూడవది అసలు సంస్కరణ: ఏ.సి.ని డి.సి.గా మార్చుట. పూర్వం ఈ పనిని సెలీనియం రేకులు చేసేవి. 1950 తరువాత సిలికాను డయోడ్లు వచ్చినవి. నాలుగు డయోడ్లను వంతెనవలె కలిపితే రెండు అర్ధావృత్తాలూ ఒకే దిశలో బయటికి వస్తాయి. 70 వోల్టుల ఏ.సి. శిఖరం 99 వోల్టులకు పోతుంది. పైగా ఆర్కు తెగినపుడు క్షణికమైన పోట్లు వస్తాయి. అందుచేత డయోడు కనీసం 400 వోల్టుల వ్యతిరేక వోల్టేజిని తట్టుకొనేది, కరెంటులో 200 ఆంపియర్లకు తగ్గనిది కావలెను. ప్రతి క్షణం రెండు డయోడ్ల గుండా కరెంటు పోతుంది. ఒక్కొక్క దానిలో ఒక వోల్టు చొప్పున నష్టమైనా 100 ఆంపియర్ల వద్ద 200 వాట్ల వేడి పుడుతుంది. రెక్కలుగల అల్యూమినియం దిమ్మ, విసనకర్ర లేకుంటే అవి నిమిషాల్లో కాలిపోతాయి.

నాలుగవది చోకు. దిశ ఒకటే ఐనా, డయోడ్ల తరువాత కూడ కరెంటు సెకనుకు 100 సార్లు సున్న వద్దకు దిగుతూనే ఉంటుంది. ఇనుప రేకుల మీద లావుపాటి తీగను చుట్టి వరుసలో చేర్చిన చోకు, కరెంటు పెరిగినపుడు శక్తిని దాచుకొని, తగ్గినపుడు ఇస్తుంది. ఒక మిల్లీహెన్రీ చోకులో 100 ఆంపియర్ల వద్ద 5 జౌళ్లు నిలుస్తాయి. ఇనుములో ఒక సన్నని గాలిసందు వదలవలెను; లేకుంటే ఒకే దిశలో పోయే కరెంటుకు ఇనుము సంతృప్తి చెంది చోకు పనిచేయదు.

రేడియోలో వలె కెపాసిటరుతో ఈ పని చేయరాదా అని విద్యార్థి అడుగవచ్చును. 100 ఆంపియర్లను సెకనులో నూరవ వంతు కాలం నిలబెట్టి, వోల్టేజి 10 కంటె ఎక్కువ పడకుండ చూడవలెనంటే 1,00,000 మైక్రోఫారడ్లు కావలెను. అవి 99 వోల్టుల వరకు నిండితే 490 జౌళ్లు నిలుస్తాయి. స్విచ్చి ఆపిన తరువాత కూడ ఆ శక్తి పొంచి ఉంటుంది. రాడ్డు తాకిన క్షణంలో ఒక్కసారిగా బయటపడుతుంది. చోకులోని శక్తి కరెంటుతోపాటే పోతుంది. ఇంటి షెడ్డుకు చోకే తగినది.

ఎక్కడ ఆగవలెను?

ఈ మార్పులతో యంత్రానికి బలం పెరగదు. వచ్చేది నిలకడ. 100 ఆంపియర్ల యంత్రాన్ని 200 ఆంపియర్లది చేయవలెనని చుట్టలు తీసి మళ్లీ చుట్టేవాడు లైనును, యంత్రాన్ని, తననుకూడ ప్రమాదంలో పెడతాడు. యంత్రాల శక్తిని 40 డిగ్రీల గాలివేడికి నిర్ణయిస్తారు; రాయలసీమ వేసవి ఆ హద్దును దాటుతుంది. కావున ఆ నెలల్లో యంత్రానికి చీటిలో వ్రాసినదానికంటె ఎక్కువ విశ్రాంతి ఇవ్వవలెను. డి.సి.కి తన లోపం తనకు కలదు: కరెంటు పుట్టించే అయస్కాంత బలం మూలల్లో ఆర్కును ప్రక్కకు ఊదుతుంది. తక్కువ హైడ్రోజను రాడ్లు కొన్నంత మాత్రాన చాలదు. తేమ తగిలినవాటిని తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టనిదే ప్రయోజనం లేదు.

మనిషికి కలిగే లాభం ఒకటి ఉన్నది. వెల్డింగు యంత్రాల అంతర్జాతీయ ప్రమాణం, ఆర్కు లేని వేళ సాధారణ స్థలాల్లో ఏ.సి.కి 80 వోల్టుల వరకు, డి.సి.కి 113 వోల్టుల వరకు అనుమతిస్తుంది. తడి స్థలాల్లో, ఇనుము చుట్టూ ఉన్న ఇరుకు చోట్లలో మాత్రం ఏ.సి.ని 48 వోల్టులకు దించుతుంది. జలవిద్యుత్ కేంద్రపు పెద్ద నీటిగొట్టంలో నిలిచి పనిచేసే మనిషిని ఊహించుకొంటే కారణం తెలుస్తుంది: అతని కాలికింద, వీపు వెనుక, తలపై అంతటా ఎర్తుతో కలిసిన ఉక్కే, ఒళ్లంతా చెమట. ఊరిలో ఎండలో ట్రాక్టరు తొట్టి లోపల కూర్చుండి రాడ్డు మార్చేవాని స్థితి కూడ ఇంచుమించు అదే. పొడి చేతితొడుగులు, కాలికింద పొడి చెక్క, కంటికి తగిన నల్లద్దం — ఏ సంస్కరణ వచ్చినా వీటి అవసరం పోదు.

1980 తరువాత వ్యాపించిన ఇన్వర్టరు యంత్రం మరొక మెట్టు. అది లైను విద్యుత్తును మొదట డి.సి.గా మార్చి, దానిని సెకనుకు వేలకొలది ఆవృత్తాలుగల ఏ.సి.గా చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, మరల డి.సి. చేస్తుంది. ఆవృత్తాల సంఖ్య పెరిగినకొద్దీ కావలసిన ఇనుము తగ్గుతుంది కావున యంత్రం భుజాన వేసికొనిపోగల బరువుకు దిగినది. పాత ట్రాన్స్‌ఫార్మరును ఇన్వర్టరుగా మార్చుట సంస్కరణ కాదు. అది వేరొక యంత్రం. డయోడ్లు, చోకు ఖర్చు కొత్త ఇన్వర్టరు ధరను మించేటట్లుంటే కొత్తది కొనుటయే మేలు.

పాఠశాలలో ఒక పరీక్ష

ఈ విషయాన్ని అపాయం లేకుండ తరగతిలో చూపవచ్చును. ఆరు వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరుకు నాలుగు చిన్న డయోడ్ల వంతెనను, దానికి 470 ఓముల నిరోధంతో ఒక ఎల్.ఇ.డి. దీపాన్ని కలుపవలెను. చీకటి గదిలో దీపాన్ని పొడవైన తీగతో ఇటు అటు వేగంగా ఊపితే వెలుగు గీత తెగి తెగి కనిపిస్తుంది. వంతెన కొనల మధ్య 16 వోల్టులకు తగిన 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరును, ధ్రువాలు తప్పకుండ చూచి చేరిస్తే గీత అతుక్కొంటుంది. వందవంతు ఆంపియరుకు చిన్న కెపాసిటరు చాలినదనీ, వంద ఆంపియర్లకు చోకు ఎందుకు కావలసివచ్చినదనీ విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చును.

శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యంత్రాలు ఏడు, 1982 నుండి 1987 వరకు ఒకటి తరువాత ఒకటిగా పనికి వచ్చినవి. ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు, 2001–2003 మధ్య వచ్చినవి. అవి పంపేది ఏ.సి.; దూరం పోవుటకు అదే అనువైనది. కాని ఆ జనరేటర్లలో తిరిగే అయస్కాంతపు చుట్టలకు డి.సి. కావలెను. ఏ పనికి ఏ విద్యుత్తు తగునో ఎంచుకొనుట మహా కేంద్రానికీ, ఊరి షెడ్డుకూ ఒకటే సూత్రం. నాలుగు డయోడ్లు, ఒక చోకు చేరిన పాత యంత్రం ఆ సూత్రాన్ని పాటించిన యంత్రం. దానితో వేసిన అతుకు గట్టిదా కాదా అన్నది మాత్రం రాడ్డు పట్టిన చేతి శ్రద్ధమీద ఆధారపడి ఉంటుంది.